నోటుపుస్తకంలోని ఒక్క వాక్యం: 1970 ఎంజీబీ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఈ బండితోపాటు నా చేతికి ఒక పాత నోటుపుస్తకం కూడా వచ్చింది. పెట్రోలు లెక్కలు, టైర్లు మార్చిన తేదీల మధ్య ఒక పేజీలో నీలి సిరాతో ఇలా రాసి ఉంది: "ఇంజిను మొత్తం చేయించాం. ముందు చక్రాల పని కూడా అయిపోయింది." ఎవరు చేశారో, ఏయే భాగాలు మార్చారో, ఏ కొలతకు బిగించారో మాత్రం ఎక్కడా లేదు. తొమ్మిదేళ్లుగా షెడ్డులో కదలకుండా నిలిచిపోయిన ఈ 1970 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ రోడ్‌స్టర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవాలని పూనుకున్నాక, ఆ వాక్యాన్ని నమ్మి పైపై పనులతో సరిపెట్టుకోవాలా, లేక నమ్మకుండా ప్రతి మరా విప్పాలా అన్నదే నాకు ఎదురైన మొదటి ప్రశ్న. చివరికి, విప్పకుండా కొలవగలిగినదంతా ముందుగా కొలిచి, కొలత తప్పిన చోట మాత్రమే విప్పాలని నిర్ణయించుకున్నాను.

ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ కర్మాగారంలో, రోడ్‌స్టర్లూ జీటీలూ (మొదటివి పైకప్పు తెరిచేవి, రెండోవి గట్టి పైకప్పువి) కలిపి 5 లక్షలకు పైగా తయారైంది. అందువల్ల దీని యంత్రభాగాలు ఈనాటికీ కొత్తవి దొరుకుతున్నాయి. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవారికి ఇంతకంటే అనుకూలమైన పాత స్పోర్ట్స్ కారు మరొకటి ఉంటుందని నేను అనుకోను. ఇంజిను 1798 సీసీ, నాలుగు సిలిండర్ల బి-సిరీస్. 1964 చివరి నుంచి దీని క్రాంక్ షాఫ్టును (పిస్టన్ల పైకిందుల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) మూడింటికి బదులు ఐదు బేరింగులు మోస్తున్నాయి. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు (గాలిలో పెట్రోలు కలిపేవి), సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు. రేకు పని, రంగు పని ఈ డైరీలోకి రావు.

ఏళ్ల తరబడి తిరగని ఇంజినును సెల్ఫ్ కొట్టి తిప్పడం పెద్ద పొరపాటు. సిలిండరు గోడకు పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటే ఒక్క కుదుపుకే విరిగిపోతాయి. అందుకని ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో కొద్దికొద్దిగా పలుచని నూనె పోసి, రెండు రోజులు నాననిచ్చి, మూడో రోజు క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పాను. మొదటి పావు చుట్టు బరువుగా కదిలింది; ఆ తరువాత ఇబ్బంది లేకుండా తిరిగింది. అప్పుడే కొత్త బ్యాటరీలు తగిలించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టి, సిలిండరులో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూపే కంప్రెషన్ గేజి పెట్టాను. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో చదరపు అంగుళానికి 150, 148, 146 పౌండ్లు వచ్చాయి. మూడోదానిలో 70 మాత్రమే.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ (ఇంజిను బ్లాకుకూ దాని పై మూతకూ మధ్య సందు మూసే పలుచని పలక) కాలిందని అనుమానించాలి. ఒక్కటే పడిపోయింది కనుక తప్పు రింగులలోనైనా ఉండాలి, వాల్వులలోనైనా ఉండాలి. దాన్ని తేల్చడానికి మూడో సిలిండరులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచాను. రింగులు అరిగి ఉంటే నూనె ఆ సందును మూసి అంకె పెరగాలి. 72కు మించలేదు, అంటే గాలి పోతున్నది వాల్వు దగ్గర. నోటుపుస్తకంలోని వాక్యం మీద నా నమ్మకం ఆ అంకెతోనే సగానికి పడిపోయింది.

రెండో వారం

సిలిండర్ హెడ్ (సిలిండర్లకు మూతలా కూర్చుని వాల్వులను మోసే భాగం) విప్పడం. బి-సిరీస్ హెడ్‌ను పట్టి ఉంచే 11 నట్లలో నాలుగు రాకర్ షాఫ్టు (వాల్వులను నొక్కి తెరిచే రాకర్లను మోసే కడ్డీ) దిమ్మెలను కూడా పట్టి ఉంచుతాయి. రాకర్లను మాత్రమే తీద్దామనుకుని ఆ నాలుగింటిని విప్పితే, మిగిలిన ఏడింటి మీద హెడ్ ఒక పక్కకు వంగే ప్రమాదం ఉంది. రేడియేటరు నీళ్లు తీయకపోతే అవి గ్యాస్కెట్ సందులోంచి సిలిండర్లలోకి దిగుతాయి కూడా. కనుక ముందు నీళ్లు పూర్తిగా వదిలి, బిగించే వరుసకు ఎదురు వరుసలో ఒక్కో నట్టును పావు చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ వచ్చాను.

నట్లు ఊడినా హెడ్ ఊడలేదు. స్టడ్లకూ హెడ్ రంధ్రాలకూ మధ్య పేరుకున్న తుప్పు దాన్ని సిమెంటులా పట్టేసింది. ఇలాంటి చోట సందులోకి స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తాలన్న కోరిక బలంగా పుడుతుంది. ఆ గీత ఒకసారి పడితే ఇక ఏ గ్యాస్కెటూ దాన్ని మూయదు. స్టడ్ల చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి, చెక్క సుత్తితో పక్కల నుంచి తడుతూ నాలుగు సాయంత్రాలు ఓపిక పట్టాను. ఐదో సాయంత్రం చిన్న చప్పుడు చేసి కదిలింది. పోత ఇనుము కనుక బరువు ఎక్కువ. ఇద్దరం పట్టి దింపాం.

తిరగేసి చూడగానే సంగతి బయటపడింది. ముందు నుంచి లెక్కపెడితే ఐదో వాల్వు, అంటే మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు, అంచున చంద్రవంక ఆకారంలో కాలి తరిగిపోయి ఉంది. ఈ హెడ్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే మధ్య రంధ్రం గుండా బయటికి పోతుంది కాబట్టి నాలుగో, ఐదో వాల్వులు పక్కపక్కనే ఉండి ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. కాలితే ముందుగా కాలేది ఇవే. అయితే వేడి ఒక్కటే కారణం కాదు. హెడ్ విప్పకముందే ఫీలర్ గేజితో (సందు కొలిచే పలుచని రేకులతో) రాకర్ సందులు, అంటే రాకర్లకూ వాల్వు కాడలకూ మధ్య ఖాళీలు, కొలిచి రాసుకున్నాను: 15 థౌ ఉండవలసిన చోట (అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు) ఐదో వాల్వు దగ్గర 2 థౌ కూడా దూరలేదు. మిగిలిన మూడు ఎగ్జాస్ట్ వాల్వులలో కూడా 7, 8 థౌకు మించి లేవు. ఇన్లెట్ వాల్వులన్నీ సరిగ్గానే ఉన్నాయి.

దీని వెనక కథ పెట్రోలుది. ఈ ఇంజిను రూపొందిన కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు; మండినప్పుడు అది ఎగ్జాస్ట్ సీట్ల (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచుల) మీద పలుచని పొరగా ఏర్పడి, వాల్వు వచ్చి కొట్టే దెబ్బను కాచేది. సీసం లేని పెట్రోలుతో ఎక్కువ వేగంలో నడిపితే ఆ పొర లేని మెత్తని పోత ఇనుప సీటు అరిగిపోతుంది, వాల్వు కొద్దికొద్దిగా హెడ్‌లోకి దిగబడుతుంది. వాల్వు లోపలికి దిగే కొద్దీ దాని కాడ రాకర్ వైపు పైకి జరిగి సందు మూసుకుపోతుంది. సందు పూర్తిగా పోయిన రోజున వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోదు. వాల్వు తన వేడిని ఎక్కువగా సీటు ద్వారానే హెడ్‌కు అప్పజెబుతుంది. కూర్చోని వాల్వుకు ఆ దారి మూసుకుపోతుంది, పైగా మండుతున్న వాయువు ఆ సన్నని సందులోంచే దూసుకుపోతుంది. సందు సరిచూస్తూ ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇంజిను "మొత్తం" చేయించినప్పుడు గట్టి సీట్లు వేయించి ఉంటే అసలు మొదలయ్యేదే కాదు.

హెడ్‌ను మెషిన్ షాపుకు పంపాను. సీట్ల మధ్య పగుళ్లు ఉన్నాయేమో రంగు ద్రవం వేసి చూడమని అడిగాను, లేవు. నాలుగు ఎగ్జాస్ట్ సీట్లు మాత్రమే చెక్కించి గట్టి ఉక్కు రింగులు దిగగొట్టిస్తే చాలని నా లెక్క. అక్కడి పెద్దాయన ఒక వాల్వును దాని కాడ జారే గొట్టమైన గైడులో పెట్టి అటూ ఇటూ ఊపి చూపించి, "గైడు ఇంత వదులుగా ఉంటే నేను సీటు ఎంత బాగా కోసినా మీ వాల్వు రోజుకో చోట కూర్చుంటుంది బాబూ, ముందు గైడ్లు, తరువాతే సీట్లు" అన్నారు. ఎనిమిది గైడ్లూ మార్పించాను.

నాలుగో వారం

ఈ బండిలో క్లచ్ ప్లేటు చూడాలంటే ఇంజినును బయటికి తీయక తప్పదు. హెడ్ ఎలాగూ లేదు, క్లచ్ పెడల్ వదిలే చివరి అంగుళంలో గరగర వినిపిస్తోంది. ఇప్పుడు చేయకపోతే ఆరు నెలల తరువాత మళ్లీ ఇదంతా విప్పాల్సి వస్తుంది. ఇంజిను, గేర్‌బాక్సు కలిపి క్రేనుతో, గేర్‌బాక్సు తోక బాగా కిందికి వంగేలా వేలాడదీసి బయటికి తెచ్చాను. రేడియేటరును, దాన్ని పట్టి ఉంచే రేకును ముందే తీసేయడం వల్ల సగం శ్రమ తగ్గింది.

గరగరకు కారణం తేలికగానే దొరికింది. ఎంజీబీ క్లచ్‌కు ఉన్నది గుళ్ల బేరింగు కాదు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్ మీద నొక్కే గుండ్రని కార్బన్ దిమ్మె. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉన్నవారి చేతిలో అది చాక్‌పీసులా అరుగుతుంది. నా బండిది లోహపు గిన్నె అంచు దాకా అరిగిపోయింది. క్లచ్ సెట్టు మొత్తం మార్చాను.

ఇంజిను స్టాండు మీద ఉండగానే సంపు (అడుగున నూనె నిలిచే తొట్టి) విప్పి కింది భాగం చూశాను. నోటుపుస్తకం మీద ఇంకా కోపంగానే ఉన్న నాకు ఇక్కడ ఆశ్చర్యం ఎదురైంది. కనెక్టింగ్ రాడ్ల బేరింగు షెల్లుల వెనక 010 అని అచ్చు ఉంది. అంటే క్రాంక్ షాఫ్టును ఎవరో 10 థౌ సాన పట్టించి, దానికి తగిన షెల్లులే వేశారు. ఉపరితలాలు బూడిద రంగులో, గీతలు లేకుండా ఉన్నాయి. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు తెలిపే మెత్తని పోగు) పెట్టి నలిపి చూస్తే సందు 2 థౌ వచ్చింది. డయల్ గేజితో క్రాంక్ షాఫ్టు ముందువెనకల కదలిక కొలిస్తే 0.12 మి.మీ. ఉంది, ఉండవలసింది 0.10 నుంచి 0.13 మధ్య. కొత్తప్పుడు 80.26 మి.మీ. ఉండే సిలిండరు వ్యాసం పై అంచు దగ్గర 0.06 పెరిగింది. పిస్టన్లు మార్పించేంత అరుగుదల కాదని నేను తీర్మానించుకున్నాను. ఇలాంటి చోట ఉత్సాహంతో అన్నీ మార్చేయడం కంటే బాగున్నదాన్ని కదపకపోవడమే మేలు. షెల్లులను వాటి చోట్లలోనే తిరిగి వేసి, నట్లు టార్క్ రెంచితో (బిగింపు బలం చూపే పానాతో) బిగించి, సంపు మూసేశాను. అప్పట్లో కింది పని శ్రద్ధగా చేయించి హెడ్‌ను తుడిచి మళ్లీ కూర్చోబెట్టారన్నమాట. ఆ వాక్యం అబద్ధం కాదు, సగం నిజం.

ఆరో వారం

హెడ్ తిరిగి వచ్చింది. స్టడ్ల మరలను శుభ్రం చేసి, బ్లాకు పైభాగాన్ని ఉక్కు స్కేలుతో అడ్డంగా, ఐమూలగా చూసి, కొత్త గ్యాస్కెట్ వేసి, మధ్య నుంచి బయటికి వెళ్లే వరుసలో మూడు విడతలుగా 50 పౌండ్-అడుగులకు, అంటే దాదాపు 68 న్యూటన్ మీటర్లకు బిగించాను.

రాకర్ సందులు పెట్టడానికి ఈ ఇంజినులో తొమ్మిది లెక్క పనికొస్తుంది. పూర్తిగా తెరుచుకున్న వాల్వు అంకెను తొమ్మిదిలోంచి తీసేస్తే, ఆ క్షణంలో సరిచేయవలసిన వాల్వు అంకె వస్తుంది. ఎనిమిదోది తెరిచి ఉంటే ఒకటోది, నాలుగోది తెరిచి ఉంటే ఐదోది. ఇంజిను చల్లగా ఉండగా ఎనిమిదింటికీ 15 థౌ పెట్టి, కవరు మూసే ముందు క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మళ్లీ సరిచూశాను. గేజి ప్రకారం అన్నీ సరే. కానీ ఆరో రాకర్‌ను వేళ్లతో పట్టి ఊపితే మిగిలినవాటికంటే ఎక్కువ టకటకలాడింది.

షాఫ్టు విప్పి ఆ రాకర్‌ను వెలుతురులో పెట్టి చూశాను. వాల్వు కాడను కొట్టే దాని ముక్కు మీద కాడ వెడల్పున చిన్న గుంట పడి ఉంది, గోరు ఆనిస్తే దిగేంత. ఫీలర్ గేజి చదునైన రేకు కనుక ఆ గుంటలోకి దిగకుండా దాని రెండు అంచుల మీద వంతెనలా నిలబడుతుంది. వాల్వు కాడ మాత్రం గుంట లోతు దాకా ప్రయాణిస్తుంది. గేజి 15 చూపుతుండగా అసలు సందు 20 దాటి ఉండాలి. ఈ మోసం ఒక్క రాకర్‌కే పరిమితం కాదనిపించి ఎనిమిదింటినీ చూశాను. మూడింటికి గుంటలున్నాయి, షాఫ్టు అడుగు భాగంలో మెట్టు పడింది. షాఫ్టు, రాకర్లు కొత్తవి వేశాను. టకటక పోయింది.

ఎనిమిదో వారం

"ముందు చక్రాల పని కూడా అయిపోయింది."

ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైన, కింద పట్టి ఊపితే ఎడమవైపు కదలిక తెలిసింది. ఈ కదలిక హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) బేరింగులదా, చక్రం పక్కలకు తిరిగే నిలువు ఇరుసైన కింగ్‌పిన్నుదా అని తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమన్నాను. బ్రేకు పట్టినప్పుడు హబ్బు, దాన్ని మోసే చిన్న ఇరుసు స్టబ్ యాక్సిల్ ఒకటైపోతాయి. అప్పటికీ కదలిక మిగిలితే కింగ్‌పిన్నుది. పూర్తిగా ఆగిపోయింది, కనుక హబ్బుదే. కింగ్‌పిన్నుల పని నిజంగానే జరిగింది. అయితే ఒక్కోవైపు మూడు చొప్పున ఉన్న గ్రీజు నిపిల్స్‌లో కుడివైపు పైది గట్టిపడిన పాత గ్రీజుతో మూసుకుపోయి ఉంటే దాన్ని మార్చి, చక్రం గాలిలో ఉండగానే గ్రీజు కొట్టాను. బరువు మీద ఉన్నప్పుడు కొడితే బరువు మోసే వైపుకు గ్రీజు చేరదు.

ఎడమ హబ్బు విప్పితే రెండు టేపర్ రోలర్ బేరింగులు, ఒక నట్టు, ఒక వాషరు, ఒక స్ప్లిట్ పిన్ను మాత్రమే రాలాయి. నేను కింద పరిచిన గుడ్డ మీద మళ్లీ వెతికాను, హబ్బులోకి టార్చి వేసి చూశాను. ఉండవలసిన ఉక్కు గొట్టం లేదు, షిమ్ములు (సందు సర్దే పలుచని లోహపు రింగులు) లేవు.

చాలా కార్లలో ముందు చక్రం నట్టును బేరింగులు బిగిసేదాకా తిప్పి, ఆపై కొద్దిగా వెనక్కి వదిలి పిన్ను పెట్టేస్తారు. ఎంజీబీ అలా రూపొందలేదు. ఇక్కడ రెండు బేరింగుల లోపలి రింగుల మధ్య ఒక గొట్టం, దానితో కలిపి కావలసినన్ని పలుచని షిమ్ములు ఉంటాయి. నట్టును కనీసం 40 పౌండ్-అడుగులకు బిగిస్తే రింగులు, గొట్టం, షిమ్ములు, స్టబ్ యాక్సిల్ అన్నీ ఒకే లావుపాటి కడ్డీలా కలిసి బలాన్ని పంచుకుంటాయి. గొట్టం తీసేస్తే చక్రం తిరుగుతుంది, ఏ చప్పుడూ చేయదు, వదులు కూడా తొందరగా కనబడదు. మలుపుల్లో వంగే బలమంతా సన్నని స్టబ్ యాక్సిల్ ఒక్కటే మోస్తుంది. షిమ్ములు లెక్కించే శ్రమ తప్పించుకోవడానికే ఎవరో ఆ గొట్టాన్ని పక్కన పడేశారు. ఈ బండిలో నేను చూసిన తప్పులన్నింటిలోనూ క్షమించలేనిది ఇదొక్కటే. స్టబ్ యాక్సిల్ మొదట్లోని వంపు దగ్గర రంగు ద్రవంతో పగుళ్లు వెతికాను, దొరకలేదు. అయినా దాన్ని ఉంచుకోబుద్ధి కాక, కొలతలు సరిగ్గా ఉన్న మరొకటి వేశాను.

షిమ్ముల లెక్క నిజానికి అరగంట పని. కొత్త బేరింగులకు గ్రీజు పట్టించి, ముందుగా షిమ్ములు లేకుండా బిగించి రోలర్లు తమ చోట్లలో కూర్చునేలా హబ్బును తిప్పాను. తరువాత విప్పి, వదులు ఖాయంగా వచ్చేటన్ని షిమ్ములు వేశాను: 10 థౌది ఒకటి, 5ది ఒకటి, 3వి ఐదు, మొత్తం 30 థౌ. నట్టు బిగించి, డయల్ గేజి ముల్లును హబ్బు మొహానికి ఆనించి, హబ్బును లోపలికి నొక్కి బయటికి లాగితే 14 థౌ కదలిక వచ్చింది. ఉండవలసింది 2 నుంచి 4 థౌ మధ్య. 3 కావాలంటే 11 తీయాలి. 5ది ఒకటి, 3వి రెండు తీసేశాను. మళ్లీ బిగించి కొలిస్తే 3 థౌ. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలిసేదాకా నట్టును ఇంకొంచెం బిగించాను. 70 పౌండ్-అడుగుల దాకా బిగించే వీలుంది కనుక వెనక్కి వదలవలసిన అవసరం రాలేదు. కుడి హబ్బులో గొట్టం, షిమ్ములు రెండూ పద్ధతిగా ఉన్నాయి. ఒకే మనిషి రెండువైపులా రెండు రకాలుగా చేశాడా, లేక ఇద్దరు చేశారా అన్నది మాత్రం ఇక తేలే విషయం కాదు.

తొమ్మిదో వారం

బ్రేకుల గురించి ఎక్కువ రాయవలసింది లేదు. తొమ్మిదేళ్లు కదలని హైడ్రాలిక్ భాగాలలో దేన్ని ఉంచాలి, దేన్ని మార్చాలి అని ఆలోచించకుండా అన్నీ మార్చాను. ఈ బండిలో నాలుగు చక్రాలకూ ఒకటే సర్క్యూట్, ఒక్క సీలు పోతే మొత్తం బ్రేకు పోతుంది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోదగినది. ఎడమ ముందు చక్రం బ్రేకు వదిలాక కూడా పట్టుకునే ఉండేది. కాలిపర్ పిస్టన్లు తుప్పు పట్టాయనుకుని విప్పితే అవి బాగానే ఉన్నాయి. తప్పు రబ్బరు గొట్టంలో ఉంది: బయటికి నిగనిగలాడుతున్నా లోపలి పొర ఉబ్బి దారి సన్నబడింది. కాలి బలంతో ద్రవం అందులోంచి వెళ్లగలిగేది, తిరిగి రావడానికి తోసే శక్తి దానికి ఉండేది కాదు. కొత్త సీళ్లను బ్రేకు ద్రవంతో తప్ప కిరోసిన్‌తోగానీ పెట్రోలుతోగానీ కడగకూడదు. ఆ రబ్బరు ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోతుంది.

ముందు సస్పెన్షన్ పై చేయి విడి భాగం కాదు, లీవర్ షాక్ అబ్జార్బర్ చేయే. రెండూ నూనె కారుతున్నాయి, బాగుచేసినవి వేశాను.

పదకొండో వారం

రెండు ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బొరేటర్లను వంటింటి బల్ల మీద పరిచాను. ఎస్‌యూలో గాలి దారి వెడల్పు తనంతట తానే మారుతుంది: ఇంజిను పీల్చే కొద్దీ కార్బొరేటరు లోపలి పిస్టన్ పైకి లేస్తుంది, దాని అడుగున ఉన్న కూసుగా సన్నబడే సూది జెట్టులోంచి బయటికి వచ్చి పెట్రోలుకు దారి ఇస్తుంది. పని చేసే విధానం ఇంత సాదాగా ఉన్నందువల్లే కేవలం శుభ్రతతోనే సగం జబ్బులు నయమవుతాయి. డ్యాష్‌పాట్ అనే పై మూతను, పిస్టన్‌ను జతగా తయారుచేస్తారు కనుక ఒక కార్బొరేటరువి మరొకదానికి వేయకూడదు. విప్పగానే దారాలు కట్టి గుర్తు పెట్టుకున్నాను.

వెనక కార్బొరేటరు పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే మధ్యలోనే నిలబడిపోయింది. దాన్ని ఉప్పుకాగితంతో రుద్దాలనిపించడం సహజమే కానీ రుద్దితే ఆ సన్నని సందు పెరిగి పిస్టన్ ఎప్పటికీ సరిగ్గా లేవదు. పెట్రోలు గుడ్డతో తుడిచినా నిలబడుతుండటంతో, సూది జెట్టు గోడకు రాసుకుంటోందని అర్థమైంది. జెట్టు కింది నట్టు వదులు చేసి, పిస్టన్‌ను పైనుంచి మెల్లగా కిందికి నొక్కి పట్టి, జెట్టును సూది చుట్టూ దానంతట అది సర్దుకోనిచ్చి, ఆ స్థితిలోనే నట్టు బిగించాను. నాలుగోసారికి కుదిరింది. ఇప్పుడు పిస్టన్ వదిలితే టక్కుమని స్పష్టమైన లోహపు చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు కోసం మాత్రమే దాన్ని పదిసార్లు ఎత్తి వదిలానని ఒప్పుకోవాలి.

థ్రాటిల్ కడ్డీలు రెండూ అరిగి పక్కగాలి పీల్చేలా ఉన్నందువల్ల మార్చాను. రెండు జెట్టులనూ పై అంచు నుంచి పన్నెండు పలకలు (నట్టు పక్కలు), అంటే రెండు చుట్లు కిందికి దింపి ఉంచాను. ఇక్కడి నుంచి మిగిలిన సర్దుబాటు ఇంజిను నడుస్తుండగా చేయాలి.

పదమూడో వారం

ఇంజిను తన చోట కూర్చుంది. గేర్‌బాక్సులో కూడా ఇంజిన్ ఆయిలే పోశాను, ఈ బండికి అదే పద్ధతి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను 15 థౌకు పెట్టి, టెస్ట్ ల్యాంపు సరిగ్గా 10 డిగ్రీల గుర్తు దగ్గర వెలిగేలా టైమింగు కుదిర్చాను.

ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ తిప్పితే ఆయిల్ ప్రెషర్ ముల్లు కదలాలి. మొదటి ప్రయత్నంలో సెల్ఫ్ నీరసంగా మూలిగింది, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది, డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నని పొగ లేచింది. బ్యాటరీ తీగ లాగేసి చూస్తే చోక్ కేబులు తొడుగు కరిగి చేతికి అంటుకునేంత వేడిగా ఉంది. తప్పు పూర్తిగా నాదే. ఇంజినును, బాడీని కలిపే ఎర్త్ పట్టీని గేర్‌బాక్సు దగ్గర తగిలించడం మరిచిపోయాను. ఇంజిను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కనుక, సెల్ఫ్ మోటారు గుంజే వందల ఆంపియర్ల కరెంటు తిరిగి వెళ్లడానికి లోహపు దారి వెతుక్కుని పాపం ఆ సన్నని చోక్ తీగ గుండా పోయింది. పట్టీ నా బల్ల మీదే, "మరవకూడనివి" అని నేను రాసి పెట్టిన డబ్బాలో ఉంది.

కేబులు మార్చి, పట్టీ బిగించి మళ్లీ తిప్పాను. సెల్ఫ్ చురుగ్గా తిరిగింది కానీ ప్రెషర్ ముల్లు సున్నా దగ్గరే ఉంది. పది సెకన్ల చొప్పున మూడుసార్లు తిప్పి ఆపేశాను. పూర్తిగా ఎండిపోయిన ఆయిల్ పంపు గాలిని తిప్పుతుందే తప్ప నూనెను పైకి లాగలేదు. అలా తిప్పుతూ పోతే బాగున్న బేరింగులు కూడా పాడవుతాయి. బ్లాకు నుంచి ఆయిల్ కూలర్‌కు వెళ్లే గొట్టం విప్పి, ఆ రంధ్రంలో సన్నని ముక్కు డబ్బాతో నూనె పోస్తూ, క్రాంక్‌ను పానాతో వెనక్కి మెల్లగా తిప్పితే పంపు ఆ నూనెను తనలోకి పీల్చుకుంది. గొట్టం బిగించి సెల్ఫ్ కొట్టాను. ఎనిమిదో సెకనుకు ముల్లు ఒకసారి వణికి, నెమ్మదిగా 40 మీదికి వచ్చింది.

ప్లగ్గులు పెట్టాక రెండో ప్రయత్నంలోనే ఇంజిను అందుకుంది. కార్బొరేటర్ల నోటి దగ్గర ఒక రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస చెవికి ఆనించి, రెండింటి బుసా ఒకే స్థాయిలో వినిపించేదాకా థ్రాటిల్ స్క్రూలు సర్దాను. తరువాత ఒక్కో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కూడా దాటకుండా ఎత్తి చూశాను: ఇంజిను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, పడిపోతే తక్కువ, కొద్దిగా పెరిగి వెంటనే మామూలుకు వస్తే సరి. ముందుదానికి ఒక పలక పైకి, వెనకదానికి రెండు పలకలు కిందికి పట్టింది.

పందొమ్మిదో వారం

800 కిలోమీటర్లు నడిచింది. ఇంజినును పూర్తిగా చల్లారనిచ్చి హెడ్ నట్లు మళ్లీ బిగించాను. రెండు నట్లు కొద్దిగా తిరిగాయి. రాకర్ సందులు చూశాను. ఎగ్జాస్ట్ వాల్వులు నాలుగూ 15 థౌ దగ్గరే ఉన్నాయి, కొత్త సీట్లు దిగబడలేదు. కంప్రెషన్ వరుసగా 158, 155, 154, 156. వేడెక్కాక నిదానంగా నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 20, రోడ్డు మీద 60. ఎడమ హబ్బు కదలిక ఇప్పటికీ 3 థౌ. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు వెనక యాక్సిల్‌లో ఒక టక్ శబ్దం మిగిలి ఉంది. డిఫరెన్షియల్‌లోని వాషర్లు అరిగి ఉంటాయని అనుకుంటున్నాను, విప్పితేగానీ చెప్పలేను.

సాయంత్రం ఆ నోటుపుస్తకం తీసి, నీలి సిరా వాక్యం కింద కొత్త పేజీ అవసరం లేకుండా సరిపోయినంత చోటులో రాశాను: "హెడ్: గైడ్లు 8, గట్టి ఎగ్జాస్ట్ సీట్లు 4, వాల్వులు, రాకర్ షాఫ్టు కొత్తవి. క్లచ్, బ్రేకు సీళ్లు, గొట్టాలు కొత్తవి. ఎడమ హబ్బు: స్టబ్ యాక్సిల్ మార్చాం, గొట్టం వేశాం, షిమ్ములు 19 థౌ. క్రాంక్ 10 థౌ తక్కువ, షెల్లులు పాతవే. పిస్టన్లు, క్యామ్ షాఫ్టు, టైమింగు చైను, గేర్‌బాక్సు లోపలి భాగం, వెనక యాక్సిల్ విప్పలేదు."